తొమ్మిది మంది తిన్నాం, ఎనిమిదితో భాగించాం

నాకు ఈమధ్యే నలభై నిండాయి. మా టీము వాళ్ళు సర్‌ప్రైజ్ అని చెప్పి (సర్‌ప్రైజ్ అంటే, వారం ముందే క్యాలెండర్ ఇన్వైట్ పంపారు లెండి) జూబ్లీహిల్స్‌లో ఓ ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంటుకి తీసుకెళ్ళారు. పేరు అనవసరం. లోపల గుడ్డి వెలుతురు, ఎవరో మన కోసమే ఏడుస్తున్నట్టు వయొలిన్, మెనూ నిండా చీమ తలకాయంత అక్షరాలు. నేను ఈ ఫీల్డులోకొచ్చి పద్దెనిమిదేళ్ళు దాటింది కాబట్టి ఇవన్నీ అలవాటైపోయాయి. మొత్తం తొమ్మిది మందిమి.

బ్రుషెట్టా అన్నారు, బురాటా అన్నారు, నాలుగు పిజ్జాలన్నారు, రిసోట్టో అన్నారు. ఒకాయన రెండు వైను బాటిళ్ళు చెప్పాడు, ఇద్దరు కాక్‌టెయిల్స్ చెప్పారు. టేబుల్ చివర్లో మా టీములో అందరికంటే చిన్నమ్మాయి కూర్చుంది. టెస్టింగ్ చేస్తుంది, మా కంపెనీ ఉద్యోగి కాదు, వెండర్ ద్వారా వచ్చిన కాంట్రాక్టు. ఆ అమ్మాయి మెనూని కుడివైపు నుంచి ఎడమవైపుకి చదవడం నేను చూశాను. ముందు అంకె, తరవాత వంటకం. చివరికి ఒక మినెస్ట్రోనే సూపు, ఒక ఆలియో ఎ ఒలియో చెప్పింది. ఆలియో ఎ ఒలియో అంటే ఇంకేం లేదు, పాస్తాలో వెల్లుల్లి, నూనె, ఎండుమిరపకాయ. ఇంట్లో ఏమీ లేనప్పుడు ఇటలీలో చేసుకునే వంట, మన వెల్లుల్లికారం అన్నంలాగ. దానికి 725 రూపాయలు. అది వేరే గొడవ, ఇప్పుడొద్దు.

"ఏంటమ్మా, డైటింగా?" అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

కేకు కోశాం, ఫొటోలు తీసుకున్నాం. బిల్లు వస్తే "బర్త్‌డే బాయ్ చూడకూడదు" అని నా చేతిలోంచి లాక్కున్నారు. మనకీ హాయిగానే ఉంటుంది కదా, లాక్కోనిచ్చాను. మర్నాడు పొద్దున గ్రూపులో మెసేజీ: "మొత్తం 33,600. మన హీరో షేరు మనమే వేసుకుంటున్నాం. తలా 4,200. థాంక్స్!" పదినిమిషాల్లో ఎనిమిది టిక్కులు పడ్డాయి. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి పనిలో పడిపోయాను.

సోమవారం ఆ అమ్మాయి నా డెస్కు దగ్గరకొచ్చి "అన్నా, ఈ నెల వీకెండ్ సపోర్టు నాకివ్వరా?" అంది. మా దగ్గర వీకెండ్ సపోర్టు అంటే అందరూ తప్పించుకు తిరుగుతారు. నేను తెగ సంబరపడిపోయి, ఓనర్‌షిప్ అంటే ఇదీ అని టీము మొత్తానికీ మెయిల్ కొట్టాను. వారం తరవాత టీ తాగుతుంటే ఇంకో అమ్మాయి అసలు విషయం చెప్పింది. ఓనర్‌షిప్పూ లేదు, నా మొహమూ లేదు. హాస్టల్ ఫీజుకి డబ్బులు తక్కువయ్యాయి. వీకెండ్ వస్తే అలవెన్సు వస్తుంది కదా అని అడిగింది.

అప్పుడు బిల్లు ఫొటో అడిగి తెప్పించుకుని కూర్చుని లెక్క చూశాను. తిండి 16,800. దానిమీద పది శాతం సర్వీస్ ఛార్జి 1,680. ఆ మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ 924. వెరసి 19,404. మందు బిల్లు పన్నులతో కలిపి 14,196. రెండూ కలిపితే 33,600. ఆ అమ్మాయి చెప్పింది మాత్రం 1,200 రూపాయల తిండి. ఛార్జీలూ పన్నులూ అన్నీ వేసినా 1,386. కట్టింది 4,200. చేతికొచ్చే జీతం 24,000. అంటే జీతంలో ఆరో వంతు పైన. మీ జీతంలో ఆరో వంతు ఎంతో ఒకసారి లెక్కేసుకుని, అంత డబ్బు మీ లీడ్ పుట్టినరోజుకి ఇస్తారేమో చెప్పండి.

ఇప్పుడు పుట్టినరోజు ఎవరిది? నాది. టేబుల్ దగ్గర అందరికంటే జీతం ఎక్కువ ఎవరికి? నాకే. ఆ రాత్రి ఒక్క రూపాయి కూడా తియ్యని మనిషి ఎవరు? అదీ నేనే.

మనవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్తాను. సర్వర్ల ముందు లోడ్ బ్యాలెన్సర్ పెట్టేటప్పుడు అన్ని మెషిన్లూ ఒకే సైజైతే రౌండ్ రాబిన్ పెడతాం. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే ఏ ఇంజనీరైనా వెయిట్లు ఇస్తాడు. ఇవ్వకపోతే చిన్న మెషిన్ పడిపోతుంది, పేజర్ మోగేది మనకే. డేటా సెంటర్లో మెషిన్లకి చూపించే ఈ పాటి ఇంగితం పక్కన కూర్చున్న మనిషి దగ్గరకొచ్చేసరికి ఏమైపోతుంది?

సమానంగా పంచుకోవడంలో ఇంకో తిరకాసుంది. 950 రూపాయల బురాటా నేను ఆర్డరిస్తే, ఎనిమిది మందిలో పంచితే నాకు పడేది 119 రూపాయలే. మిగతాది మీ నెత్తిన. మీరూ అలాగే ఆలోచిస్తారు. దీనిమీద గ్నీజీ అనే ఆర్థికశాస్త్రవేత్త, ఇంకో ఇద్దరితో కలిసి ఇజ్రాయెల్లో నిజం రెస్టారెంటులోనే ప్రయోగం చేశాడు. 2004లో ఎకనామిక్ జర్నల్‌లో వచ్చింది. విద్యార్థుల్ని ఆరుగురేసి కూర్చోబెట్టారు. ఎవరి బిల్లు వాళ్ళే కట్టుకోవాలి అన్నప్పుడు సగటున మనిషికి సుమారు 37 షెకెళ్ళ తిండి తిన్నారు. బిల్లు సమానంగా పంచుతాం అంటే అది సుమారు 51 అయింది. పూర్తిగా ఉచితం అంటే 82. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఏంటంటే, ముందే అడిగితే నూటికి ఎనభై మంది ఎవరిది వాళ్ళు కట్టుకోవడమే ఇష్టమన్నారట. అంటే సమానంగా పంచడం ఎక్కువమందికి ఇష్టం లేదు, కానీ టేబుల్ దగ్గర ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఈ పద్ధతికి ఇటాలియన్లు పెట్టుకున్న పేరు "అల్లా రోమానా", అంటే రోము వాళ్ళ తీరులో. కాకపోతే సాధారణంగా అక్కడ అలా పంచుకునేది ఇంచుమించు ఒకే స్థాయి స్నేహితులు. లీడూ కాంట్రాక్టు టెస్టరూ కాదు.

ఇక మనం వాదనల్లోకి వద్దాం, ఎందుకంటే ఇవన్నీ నేను గతంలో చేసినవే.

"లెక్కలేసుకోవడం ఏం బావుంటుంది, చీప్‌గా!" చీప్ అనిపిస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఆ చీప్ అనే మాట ఎవరి నోరు మూయిస్తోందో చూడండి. వైను తాగినాయనకి ఆ మాటతో ఇబ్బంది లేదు. సూపు తాగిన పిల్లకే ఇబ్బంది. పైగా మందుకి జీఎస్టీ లేదు, అది రాష్ట్రం వ్యాట్ కిందకొస్తుంది, అందుకే మా రెస్టారెంటువాడు తిండి బిల్లు వేరుగా, మందు బిల్లు వేరుగా చేతిలో పెట్టాడు. పన్నుల పుణ్యమా అని విడిగా వచ్చినదాన్ని మనం పనిగట్టుకుని కలిపి మరీ భాగించాం. యూపీఐ 2016లో వచ్చింది. "చిల్లర లేదు" అని చెప్పుకునే అవకాశం కూడా పోయింది.

"ఇష్టం లేకపోతే రాకపోవచ్చు కదా?" రాకపోవచ్చు. రెండుసార్లు రాకపోతే "కలవదండీ, టీమ్ ప్లేయర్ కాదు" అంటాం. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని వెండరు అడిగేది ఎవర్ని? ఆ పుట్టినరోజు కేకు కోసిన పెద్దమనిషినే. ఇలాంటప్పుడు వచ్చిన మెసేజీకి టిక్కు కొట్టడాన్ని ఇష్టపడటం అనరు.

"ఇవాళ వాళ్ళు నీకు పెడితే రేపు నువ్వు వాళ్ళకి పెడతావు, సగటున సరిపోతుంది." ఈ వాదన నాకు బాగా నచ్చేది, లెక్క తెలిసినవాడి వాదన కాబట్టి. ఆ అమ్మాయి కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. పుట్టినరోజు జూన్‌లో. సరిపోతుందా?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. బళ్ళో చదువుకునేటప్పుడు పుట్టినరోజంటే ఏం చేసేవాళ్ళం? కొత్త బట్టలేసుకుని, చిత్తూరు న్యూట్రిన్ వాళ్ళ చాక్లెట్లు ప్యాకెట్టు పట్టుకెళ్ళి క్లాసులో అందరికీ తలా ఒకటి, టీచరుగారికి రెండు. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే పంచాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడూ అంతే. మా సీనియర్లతో ఇరానీ హోటల్‌కి వెళ్తే చాయ్ దగ్గర్నుంచి బిర్యానీ దాకా నన్ను జేబులో చెయ్యి పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఒకసారి నేను పర్సు తీస్తే "నువ్వు సీనియర్‌వి అయ్యాక నీ జూనియర్లకి పెట్టుదువులే, లోపల పెట్టు" అన్నారాయన. రెండేళ్ళు అలా తిన్నాను.

ఆ తరవాత నేను ఆన్‌సైట్ వెళ్ళాను. అక్కడ మా ఆఫీసులో పుట్టినరోజు మనిషి బిల్లు మిగతావాళ్ళు పంచుకునేవాళ్ళు. భలే పద్ధతి అనుకున్నాను. తిరిగొచ్చి సీనియర్నయ్యాక ఆ పద్ధతే ఇక్కడా పెట్టాను, ప్రొఫెషనల్‌గా ఉంటుందని. అంటే జూనియర్‌గా ఉన్నన్నాళ్ళూ పాత రూలు, సీనియర్ అయ్యాక కొత్త రూలు. మా బ్యాచ్‌లో చాలామందిమి ఇలా రెండు వైపులా తిన్నవాళ్ళమే. ఆయన పెట్టుదువులే అన్నది నేను ఇంతవరకూ పెట్టలేదు.

ఏం చేశావు నాయనా అని అడుగుతారు. ముందు తెలివితక్కువ పని చేశాను. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి నీ 4,200 నీకిచ్చేస్తానన్నాను. మొహం ఎర్రబడింది. "అందరూ ఇచ్చారు కదన్నా, నాకొక్కదానికే ఎందుకు?" అంది. నిజమే కదా. టేబుల్ దగ్గర పోయిన పరువు చాలక, విడిగా పిలిచి నువ్వు బీదదానివి అని చెప్పాను నేను. తరవాత చేసే దానంతో ఇది సరిదిద్దలేం. ఆర్డరు ఇవ్వకముందే తేలాల్సిన విషయం.

ఆ రాత్రి ఎనిమిది మందికీ తలా 4,200 తిరిగి పంపేసి, పుట్టినరోజు నాది, పార్టీ నాది, ఆలస్యానికి సారీ అని గ్రూపులో పెట్టాను. ఈసారి ఆ అమ్మాయి కూడా తీసుకుంది. 33,600 అంటే నాకు నొప్పి లేకుండా ఏం లేదు. ఈఎమ్ఐలు నాకూ ఉన్నాయి. ఆ నొప్పి తెలిశాక, వచ్చే పుట్టినరోజుకి జూబ్లీహిల్స్ కాకుండా మా ఆఫీసు వెనక టిఫిన్ సెంటరు నాకు చాలా అందంగా కనిపిస్తోంది. డబ్బు పెట్టేవాడే చోటు నిర్ణయించాలి అనేది అందుకే.

ఒక మిత్రుడికి కోపమొచ్చింది. "నువ్విలా చేస్తే రేపు నా పుట్టినరోజుకి నేనూ పెట్టాలిగా, ఉన్న సిస్టమ్ పాడుచేశావు" అన్నాడు. అవును, పాడుచెయ్యాలనే చేశాను. అందరికీ నాలాగ ఇవ్వడం కుదరకపోవచ్చు. కానీ ఈ మాత్రం చెయ్యొచ్చు. పార్టీ ఇస్తే పుట్టినరోజు మనిషి ఇవ్వాలి, లేదా జీతం ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ వెయ్యాలి. పంచుకునేటట్టయితే తలకి ఎంత దాటదో ముందే చెప్పాలి, కాదనే వీలు విడిగా ఇవ్వాలి. మందు బిల్లు తాగినవాళ్ళదే. కాంట్రాక్టు వాళ్ళ దగ్గర, కొత్తగా చేరినవాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదు.

అన్నట్టు ఆ సర్వీస్ ఛార్జి 1,680 ఉంది చూశారూ, అది కట్టక్కర్లేదు. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. వాళ్ళు మళ్ళీ అప్పీలుకెళ్ళారు, అది వేరే కథ. తియ్యమని అడగండి, తియ్యనంటే 1915కి ఫోన్ చెయ్యండి. వెయిటరుకి ఇవ్వాలనుకుంటే ఆయన చేతికే ఇవ్వండి. ఎనిమిది మంది ఇంజనీర్లం కూర్చుని ఒక్కళ్ళం కూడా బిల్లు చదవలేదంటే మన కోడ్ రివ్యూలు ఎలా ఏడుస్తాయో ఊహించుకోవచ్చు.

మీ టీములో వచ్చే పుట్టినరోజు ఎవరిదో చూసుకోండి. టేబుల్ చివర్లో ఎవరు కూర్చుంటారో కూడా చూడండి. సూపు మాత్రమే చెప్పినవాళ్ళని డైటింగా అని మాత్రం అడక్కండి.