మారిషస్: పంచుకున్న చక్కెర, అమ్ముకుంటున్న నేల

బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లో మారిషస్ మీద ఒక నివేదిక ఇచ్చారు. చెరకు తప్ప చెప్పుకోదగ్గ పంట లేదు, పెద్ద తుపాను వస్తే అదీ దక్కదు, జనాభా ఏటికేడు పెరిగిపోతోంది, పెద్ద కమతాలన్నీ కొద్దిపాటి ఫ్రెంచి సంతతి కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. ఈ దీవి ప్రశాంతంగా ఎదుగుతుందన్న ఆశ ఆయనకు కనిపించలేదు. అందుకు తగిన కారణాలూ ఉన్నాయి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతుల్లో 90 శాతానికి పైగా చక్కెరే. అలాంటి దేశాన్ని 2020 జూలైలో ప్రపంచ బ్యాంకు అధికాదాయ దేశాల సరసన చేర్చింది. కోవిడ్‌తో విమానాలు ఆగి, హోటళ్లు ఖాళీ అయి, మరుసటి ఏడాదే ఆ హోదా జారిపోయింది.

ఈ ఎదుగుదలకు తక్కువ పన్నులు, ఎగుమతి మండలాలు, విదేశీ పెట్టుబడులు కారణమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అవి పనికొచ్చిన మాట నిజమే. కానీ అసలు పునాది అంతకుముందే పడింది. చక్కెర డబ్బును మారిషస్ ఎలా పంచుకుందన్న దగ్గరే ఆ పునాది ఉందని నా అభిప్రాయం.

1975లో కుదిరిన లోమే ఒప్పందం కింద, ఏటా సుమారు 5 లక్షల టన్నుల మారిషస్ చక్కెరను యూరప్ హామీ ధరకు కొనేది. చాలా ఏళ్లు ఆ ధర ప్రపంచ మార్కెట్ ధరకు రెట్టింపు, అంతకు మించి కూడా ఉండేది. అయాచితంగా వచ్చిన డబ్బు ఎలా ఆవిరవుతుందో పసిఫిక్‌లోని నౌరూను చూస్తే తెలుస్తుంది. ఫాస్ఫేట్ సొమ్మును విమానాల మీద, విదేశీ భవనాల మీద, ఆఖరికి లండన్‌లో ఒక సంగీత నాటకం మీద కూడా పోసి అది దివాలా తీసింది. మారిషస్ ఆ దారి పట్టలేదు. చక్కెర ఎగుమతుల మీద సుంకం వేసి, పెద్ద ఎస్టేట్ల మీద ఎక్కువ భారం మోపి, చిన్న రైతులను వదిలేసింది. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితమైంది. వైద్యం ఉచితం. ఉన్నవాడా లేనివాడా అని చూడకుండా వృద్ధులందరికీ పింఛను. ఒకప్పుడు ఒప్పంద కూలీలుగా ఓడ దిగినవారి మనవలు, మనవరాళ్లు బడికెళ్లి గుమాస్తాలు, నర్సులు, టీచర్లు అయ్యారు. కోరంగి రేవు నుంచి వెళ్లిన మనవాళ్లూ వారిలో ఉన్నారు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది.

1970లో ఎగుమతి మండలం చట్టం తెచ్చినప్పుడు మారిషస్ చేసిన ఒక చిన్న పని నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఒకచోట కంచె వేసి ‘ఇదే మండలం’ అనలేదు. దీవిలో ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టినా రాయితీలు వర్తిస్తాయంది. దాంతో కుట్టుమిషన్లు ఊళ్ల దగ్గరికే వచ్చాయి. చెరకు కూలీల ఇళ్లలోని ఆడపిల్లలు పొద్దున నడిచి వెళ్లి, స్వెటర్లు అల్లి, సాయంత్రానికి ఇల్లు చేరేవారు. జౌళి దిగుమతుల మీద ఉన్న కోటాల బాధ తప్పించుకోవడానికి హాంకాంగ్ వ్యాపారులు వచ్చారు. చక్కెర ఎస్టేట్ల యజమానులు కూడా తమ లాభాలను ఈ ఫ్యాక్టరీల్లోనే పెట్టారు. ఆ కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. మగవాళ్ల కంటే తక్కువ జీతానికి, ఎక్కువ గంటలు పనిచేశారు. మారిషస్ అద్భుతం గురించి మాట్లాడేవాళ్లు ముందు వాళ్ల పేరు చెప్పాలి. 1980ల మొదట్లో అయిదుగురిలో ఒకరికి పనిలేదు. ఆ దశకం ముగిసేసరికి పనికి మనుషులు దొరకడం కష్టమైంది.

చక్కెర, కుట్టుమిషన్ల తర్వాత మూడో ఆసరా మన దేశం నుంచి అందింది. 1983 నుంచి అమల్లో ఉన్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం వల్ల, మారిషస్ కంపెనీలు భారత్‌లో షేర్లు అమ్మి లాభం గడిస్తే ఇక్కడ పన్ను పడేది కాదు. అక్కడా అంతే. ఏళ్ల తరబడి మనకు వచ్చిన విదేశీ పెట్టుబడుల్లో దాదాపు మూడోవంతు ఆ దీవి చిరునామాతోనే వచ్చింది. అందులో మన డబ్బే చుట్టూ తిరిగి వచ్చిందెంతో! 2003లో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2016లో సవరించుకునే దాకా మన ఖజానా నష్టపోతూనే ఉంది. సవరణ న్యాయమైనదే, రావాల్సిన దానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈ మూడూ మరొకరి దయతో దక్కినవే. 2005లో జౌళి కోటాలు పోయాయి. 2009లో యూరప్ చక్కెర హామీ ముగిసింది. 2017 నుంచి పన్ను వెసులుబాటు తగ్గుతూ వచ్చింది. ప్రతి ఆసరా ఉండగానే తర్వాతిది సిద్ధం చేసుకోవడం మారిషస్ తెలివి. నాలుగోదిగా ఇప్పుడు ఎంచుకున్నది మాత్రం భయపెడుతోంది. అది నేల.

విదేశీయులకు విల్లాలు అమ్మే పథకం 2002లో మొదలైంది. ఇప్పుడు 3,75,000 డాలర్లు పెట్టి ఇల్లు కొంటే నివాస అనుమతి కూడా వస్తుంది. పడమటి తీరంలో, ఉత్తరాన చెరకు తోటలు గేటెడ్ కాలనీలు అవుతున్నాయి. ఒకప్పుడు 6 లక్షల టన్నులు దాటిన చక్కెర ఉత్పత్తి ఇప్పుడు రెండున్నర లక్షల లోపు. చెరకు తగ్గితే పిప్పి తగ్గుతుంది. ఆ పిప్పిని మండించే దీవి తన కరెంటులో కొంత తయారు చేసుకుంటోంది. తిండిలో మూడొంతులకు పైగా దిగుమతే అయిన దేశం సాగు నేలను ఇళ్ల స్థలాలుగా అమ్ముకోవడం తెలివైన పని కాదు. చక్కెర ఏటా పండేది, స్వెటర్ రోజూ అల్లేది. ఎకరం ఒక్కసారే అమ్ముడవుతుంది.

తీరం సంగతీ అంతే. 2020 జూలైలో వకాషియో అనే నౌక పగడపు దిబ్బనెక్కి, ఆగస్టులో సుమారు 1,000 టన్నుల చమురు సముద్రంలోకి కారింది. జనం ప్రభుత్వం కోసం కాచుకోలేదు. ఎండు చెరకు ఆకును బట్ట గొట్టాల్లో కూరి, కుట్టి, నీళ్ల మీద తేలే అడ్డుకట్టలు కట్టారు. మాయెబూర్ రేవులో చేతులు మోచేతుల దాకా నల్లగా మారినా పని ఆపలేదు. తీరం తమదని నమ్మిన జనం కాబట్టే అలా దిగారు. ఆ తీరానికి వెళ్లే దారులు ఒక్కొక్కటిగా హోటళ్లు, విల్లాల వెనక్కి పోతున్నాయి.

2025 జూన్ బడ్జెట్‌లో ప్రధాని నవీన్ రామ్‌గులామ్ ప్రభుత్వం వృద్ధాప్య పింఛను వయసును 60 నుంచి క్రమంగా 65కు పెంచుతామంది. జనం వీధుల్లోకి వచ్చారు. అప్పు జీడీపీలో 90 శాతం దరిదాపుల్లో ఉంది, పిల్లలు తగ్గి వృద్ధులు పెరుగుతున్నారు, కాబట్టి ఏదో ఒకటి చేయక తప్పదు. అదే బడ్జెట్‌లో అధిక ఆదాయాల మీద అదనపు పన్ను వేయడం మంచి మొదలు. కానీ విల్లాల అమ్మకాల్లో పోగయ్యే లాభం మీద, ఒకనాడు చక్కెర మీద వేసినంత ధైర్యంగా పన్ను వేసి, దాన్ని పింఛను నిధికే జమ చేయాలి. కుట్టుమిషన్ మీద ముప్పై ఏళ్లు వంగి పనిచేసిన మనిషిని ఇంకో అయిదేళ్లు ఆగమనడం ఆ తర్వాత మాట.