పోర్టుకు యజమాని యెవరు?

హైదరాబాదులోని మల్లాపూరునకు అనతిదూరమున, కుషాయిగూడ వైపున, 1967లో స్థాపింపబడిన ఈసీఐఎల్ సంస్థ ఒకానొక కాలమున అణువిద్యుత్కేంద్రములకు వలసిన పరికరములతోపాటు సామాన్య గృహస్థుల యిండ్లకు ఈసీ టీవీలను సైతము పంపుచుండెడిది. 1990ల దశకమున మన యిండ్లలో ప్రవేశించిన చవుక వీడియోగేము పెట్టెను అట్టి టీవీకి తగిలించుకొనుటకు ఎవరి యనుమతియు అక్కరలేకపోయెను. ఏలయనగా భారతదేశము స్వీకరించిన పాల్ పద్ధతియు, దాని 625 గీతలును, ఆంటెన్నా తీగ దూర్చు చోటును అందరెరిగిన ప్రమాణములు. నింటెండో 1983లో జపానున విడుదలచేసిన ఫ్యామికామ్‌కు అనుకరణముగా పుట్టిన ఆ పెట్టె, దూరదర్శన్ బొమ్మ వచ్చు త్రోవనే తన మారియోను, తన కాంట్రాను పంపుకొనెడిది.

అదే పెట్టెకు ముందువైపున, మనము రిమోట్ అని పిలుచుకొనిన ఆ చేతిపరికరమును తగిలించు పోర్టు సంగతి వేరు. రిమోట్ చెడి, కోఠీ గుజరాతీ గల్లీలో మరియొకటి కొనబోవువారు పిన్నులు తొమ్మిదా పదునైదా యని ముందుగా లెక్కించుకొనవలసివచ్చెడిది. లెక్క కుదిరినంతమాత్రమున పని కుదురునన్న భరోసాయు లేదు. తొమ్మిది పిన్నుల ఆకారము 1977 నాటి అటారీతో ప్రసిద్ధికెక్కి, కమొడోర్ 64కును, 1988లో వచ్చిన సేగా మెగాడ్రైవ్‌కును సంక్రమించినది. అటారీలో ఒక్కొక్క దిశకు ఒక్కొక్క తీగ. మీట వంచినచో ఆ తీగ ఎర్తుతో కలియును, అంతే. ఫ్యామికామ్ రిమోట్‌లోనన్ననో, 4021 అను చిన్న చిప్పు ఎనిమిది బొత్తాముల స్థితిని ఒక్కమారు పట్టుకొని, యంత్రమడిగిన కొలది ఒకదాని వెనుక నొకటిగా ఒక్క తీగ మీదనే నివేదించును. కావున అనుకరణ పెట్టెలో మెగాడ్రైవ్ రిమోట్ చక్కగా దూరునే గాని పలుకదు. విద్యుత్తు అందు పిన్ను వేరొకచోట నుండుటచే చేటు వాటిల్లినను వాటిల్లవచ్చును.

ఇందుకు విపర్యయము 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన తొలి ఎక్స్‌బాక్స్: లోపల ప్రవహించు సంకేతము సాక్షాత్తు యూఎస్‌బీయే యైనను, కొస మాత్రము కంప్యూటరులో పట్టని రూపమున చేయబడెను. అచ్చట ఆకారసామ్యమున సంకేతభేదము, ఇచ్చట సంకేతసామ్యమున ఆకారభేదము. నేటి దశ యీ రెంటికిని మించినది: ఆకారమును సంకేతమును రెండును కుదిరినను అనుమతి కుదరదు. ప్లేస్టేషన్ 4 రిమోట్‌ను ప్లేస్టేషన్ 5కు జతచేసి పాత ఆటలాడుకొనవచ్చును. కొత్త యంత్రము కొరకే చేసిన ఆటలు దానిని అంగీకరింపవు. ఎక్స్‌బాక్స్ వన్ రిమోట్‌లను 2020 నాటి కొత్త యంత్రములందును చెల్లనిచ్చిన మైక్రోసాఫ్టే, 2023 నవంబరు నుండి తన యనుమతి పొందని యితరుల పరికరములను నిరోధింపసాగెను.

నిర్మాతల వాదము నిస్సారమని నేననను. ఆన్‌లైన్ పోటీలలో గురిని తామే సరిచేయు దొంగ పరికరములు కలవు. న్యాయముగా నాడువానికి వానివలన అన్యాయము జరుగుచున్నది. అయితే ఆ నిషేధము పోటీలకు పరిమితమైన చాలును. ఇంటిలో ఒంటరిగా నాడుకొనువాని చేతిలోని రిమోట్ ఎవరిని మోసగించును? గోడలోని ప్లగ్గు, తగిలించినది ఏ కంపెనీ మిక్సీయని అడుగదు. ఐఎస్ 1293 అను భారతీయ ప్రమాణమునకు లోబడి కరెంటునిచ్చును.

ద్వారము తెరచుట వలని మేలును నిర్మాతలు ఎరుగకపోలేదు. అంగవైకల్యముగల క్రీడాకారుల కొరకు 2018లో వెలువడిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరునకు, ఇయర్‌ఫోన్లకు వాడునట్టి 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు 19 కలవు. రెండు తీగలను కలిపి విడదీయు స్విచ్ ఏదైనను దానికి బొత్తాము కాగలదు గనుక, వ్రేలు కదలనివానికి మోచేతితో నొక్కు బొత్తామును మల్లాపూరులో సోల్డరింగు నేర్చిన మెకానిక్కు సైతము అతని కొలతకు తగినట్లు చేసి యీయవచ్చును.

కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొరకు పోర్టల్ తెరచినది. భారతీయ ప్రమాణముల సంస్థ 2023 జనవరిలో యూఎస్‌బీ టైప్-సీ పోర్టునకు ప్రమాణము ప్రకటించినది. కొస ఆకారము ఏకమైనంతనే సమస్య తీరదని పై కథ చాటుచున్నది గావున, ప్రభుత్వము మరి రెండడుగులు వేయవలెను: ఏ యే రిమోట్‌లు ఎంతమేరకు పనిచేయునో పెట్టెపైననే అచ్చువేయవలెననియు, అమ్మకము నిలిపిన యంత్రమునకు సంకేతవివరములను బయలుపరచి కట్టడిని తొలగింపవలెననియు నిబంధింపవలెను. పూర్తి వెల పుచ్చుకొని అమ్మిన వస్తువు వాకిట నిలిచి, లోనికి ఎవరు రావచ్చునో ఎవరు రారాదో నిర్ణయించు అధికారము అమ్మినవానికి చిరకాలము చెల్లరాదు.

— మల్లాపురీయుడు