ఆమోదం లేదు, తిరస్కారం లేదు – ఎవరిదీ మౌనం?

ఆడవాళ్లపై ఘోరం జరిగిన ప్రతిసారీ మన సంఘాలు చేసే మొదటి పనుల్లో ఒకటి రాష్ట్రపతికి మెమోరాండం రాయడం. ఖైరతాబాద్ చౌరస్తాలో కలుసుకుని, రాజ్‌భవన్ రోడ్డు మీద బ్యానర్లతో నడిచి, 'గవర్నరు ద్వారా రాష్ట్రపతికి' అని రాసిన కాగితాలు నేనూ ఎన్నోసార్లు ఇచ్చి వచ్చాను. ఆ కాగితాల మీద నిర్ణయం నిజంగా ఎవరిది?

దిశ బిల్లు సంగతే చూద్దాం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. సరిగ్గా వారానికి, 13న, పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, 21 రోజుల్లో తీర్పు, అత్యాచారానికి ఉరిశిక్ష అన్నారు.

నేరచట్టం ఉమ్మడి జాబితాలోది. కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉండే రాష్ట్ర సవరణ చెల్లాలంటే 254వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రానే లేదు. అయినా 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో దిశ పోలీసు స్టేషను తెరిచారు. 'దిశ చట్టం' అంటూ ఊరూరా ప్రచారం చేశారు. కోస్తా నుంచి వచ్చిన ఒక కార్యకర్త నన్ను అడిగింది: "21 రోజులు దాటిపోయాయక్కా, ఇప్పుడెవర్ని అడగాలి?" లేని చట్టాన్ని ఉందని నమ్మించారని ఆమెకు చెప్పాల్సి వచ్చింది. చివరికి 2024 జులై 1న భారత శిక్షాస్మృతే రద్దయింది. సవరించాలనుకున్న చట్టమే పోయింది.

ఇప్పుడు రాజ్యాంగం చూడండి. 201వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి బిల్లును ఆమోదించవచ్చు, నిరాకరించవచ్చు, మళ్లీ ఆలోచించమని తిప్పి పంపించవచ్చు. తిప్పి పంపితే శాసనసభ 6 నెలల్లో తేల్చాలి. రాష్ట్రపతికి మాత్రం గడువే లేదు! ప్రజలు ఎన్నుకున్న సభకు గడియారం కట్టి, ఢిల్లీకి కట్టకపోవడం ఏం న్యాయం?

పైగా ఆ అధికారం రాష్ట్రపతిది కానే కాదు. 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ దాన్ని మరింత బిగించింది. 1978లో 44వ సవరణ ఇచ్చిన వెసులుబాటల్లా ఒక్కసారి పునరాలోచించమని అడగడమే. కాబట్టి రాష్ట్రపతి మౌనం కేంద్ర ప్రభుత్వ మౌనమే. ప్రతిభా పాటిల్, ద్రౌపది ముర్ము ఆ పీఠం ఎక్కినందుకు సంతోషిద్దాం. కానీ 'ఆడమనిషి కదా, అర్థం చేసుకుంటుంది' అని ఎదురుచూడడం మనల్ని మనమే మభ్యపెట్టుకోవడం.

ఉరిశిక్షను వ్యతిరేకించే మిత్రులు కొందరు 'ఆగిపోవడమే మంచిదైంది' అంటారు. ఉరిశిక్షను నేనూ వ్యతిరేకిస్తాను. మూడు వారాల్లో ముగించే విచారణలో ముందు నలిగేది పేదవాళ్లే. అయితే ఆ బిల్లును కారణాలు చెప్పి తిరస్కరించి ఉంటే అది మన వాదనకు గెలుపు అయ్యేది. ఫైలు తొక్కిపట్టడం ఎవరి గెలుపూ కాదు. రేపు మనం పోరాడి సాధించుకున్న మంచి బిల్లునూ ఇలాగే తొక్కిపట్టవచ్చు.

కోర్టు చూసుకుంటుందన్న ఆశా సన్నగిల్లింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రపతికి 3 నెలల గడువు పెట్టింది. అదే ఏడాది నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గడువులు పెట్టే అధికారం కోర్టులకు లేదని అభిప్రాయం చెప్పింది.

అందుకే ఇక మెమోరాండాల్లో వేడుకోళ్లు మానేద్దాం. 201వ అధికరణాన్ని సవరించి గడువు పెట్టమని పార్లమెంటును అడుగుదాం. ఆపిన ప్రతి బిల్లుకూ కారణం బయటపెట్టమని కేంద్ర హోంశాఖను నిలదీద్దాం. ఆమోదం రాని బిల్లును చట్టమని చాటే ఏ ప్రభుత్వాన్నయినా ఊళ్లో, స్టేషన్లో, శాసనసభ ముందు నిలబెట్టి అడుగుదాం. మనకు కావలసింది దయ కాదు, జవాబు.