నా చెయ్యి ఇండికేటర్ కాదండీ!

బండి పోతే, ఇన్సూరెన్సు సరిగ్గా కట్టుంటే, ఎంతో కొంత చేతికొస్తుంది. మనిషి పోతే ఎవరు తెచ్చిస్తారండీ? ఇంత చిన్న లెక్క మన ఇళ్ళల్లో మగవాళ్ళకి ఎందుకు తట్టదో నాకు బోధపడదు. ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని వెయ్యి రూపాయలు అటూ ఇటూగా పోసి బండికి సైరన్ పెట్టిస్తారు. అదే బండికి వెనక ఎడమవైపు ఇండికేటర్ బల్బు మాడిపోయి ఆరు నెలలవుతుంది. పాతిక ముప్ఫై రూపాయల పని. "చూద్దాంలే" అంటారు.

మరి ఆర్నెల్లూ ఆ బల్బు పని చేస్తున్నదెవరు? వెనక కూర్చున్న మనమే. ఒళ్ళో పిల్ల, తొడ మీద కూరల సంచీ, ఒక చేత్తో కొంగు, ఇంకో చెయ్యి బయటికి చాపి ఊపడం. ముందు నించి "చెయ్యి చూపించవే" అని ఒక ఆర్డరు! పిల్లని పట్టుకోవాలా, కొంగు పట్టుకోవాలా, చెయ్యి చూపించాలా? దేవుడు మనకి రెండే ఇచ్చాడు.

మా అడవులదీవి వైపు రోడ్లు చూసినవాళ్ళకి ఈ బాధ ఇంకా బాగా తెలుస్తుంది. నిజాంపట్నం హార్బరు నించి చేపల బండ్లు, ఐసు లారీలు, రొయ్యల మేత మోసుకొచ్చే వ్యాన్లు, వరిగడ్డి ట్రాక్టర్లు, మధ్యలో ఆటోలు. చెరువు గట్టు మీదకి తిరిగే దారి ఎక్కడ వస్తుందో ఊరివాడికి తప్ప ఎవరికీ తెలియదు. రేపల్లెలో 216 నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఇక చెప్పక్కర్లేదు. పొద్దు వాలాక నా గాజుల చెయ్యి వెనక లారీవాడికి కనపడుతుందా? గాజులకి లైటు లేదు కదా!

"ఇవన్నీ మగవాళ్ళ విషయాలు, వైర్ల సంగతి మనకేం తెలుసు" అనే అక్కలకి ఒక మాట చెబుతాను. అమెరికాలో మూకీ సినిమాల కాలంలో ఫ్లారెన్స్ లారెన్స్ అని ఒక పెద్ద తార ఉండేది. 1914 ప్రాంతంలో ఆవిడ తన కారుకి ఒక ఏర్పాటు చేసుకుంది. మీట నొక్కితే వెనక జెండాలాంటిది లేచి, కారు ఏ వైపు తిరుగుతుందో చెప్పేది. బ్రేకు వేస్తే "ఆగుతున్నాను" అనే పలక పైకొచ్చేది. పేటెంటు తీసుకోలేదు కాబట్టి దానిమీద డబ్బూ రాలేదు, పేరూ అంతగా రాలేదు. ఇవాళ మనం చూసే మిణుకు మిణుకు లైట్లు కార్లకి కంపెనీ నించే రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. వందేళ్ళ కిందట ఒక ఆడది చెయ్యి బదులు యంత్రం పెట్టింది. మనమేమో యంత్రం ఉండగా దాని బదులు చెయ్యి పెడుతున్నాం. ఇదేనా మన అభివృద్ధి?

ఇంతకీ అదేమన్నా బ్రహ్మవిద్యా? బండి బ్యాటరీ పన్నెండు వోల్టులు. అందులోంచి కరెంటు ఫ్యూజు దాటి, ఫ్లాషర్ అనే చిన్న డబ్బాలోకి వెళ్తుంది. అక్కణ్ణించి హ్యాండిల్ మీద స్విచ్చికి, స్విచ్చి ఎటు జరిపితే అటువైపు ముందూ వెనకా ఉన్న రెండు బల్బులకి. పాత రకం ఫ్లాషర్లో రెండు లోహాలు అతికించిన రేకు ఉంటుంది. వేడెక్కితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లారితే మళ్ళీ కలుపుతుంది. మన ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాటు చేసే పనే ఇది. కొత్త బండ్లలో ఆ పని ఎలక్ట్రానిక్ ముక్క చేస్తుంది. నిమిషానికి అరవై నించి నూట ఇరవై సార్లు వెలిగి ఆరాలని ప్రమాణం. ఒక బల్బు పోయినా, పది వాట్ల బల్బు తీసేసి సోకు కోసం సన్న ఎల్‌ఈడీలు బిగించినా, లాగే కరెంటు తగ్గి ఆ లెక్క తప్పుతుంది. కొన్ని బండ్లలో గబగబా కొట్టుకుంటుంది, కొన్నిట్లో వెలిగి అలాగే ఉండిపోతుంది. కుక్కరు విజిల్ తేడాగా వస్తే మనం వంటింట్లోకి పరిగెత్తమూ? ఇదీ అలాంటి కూతే. బండి తన రోగం తనే చెప్పుకుంటోంది, వినేవాళ్ళు లేరు.

ఇప్పుడు సైరన్ సంగతి చూడండి. ఈ అలారం డబ్బాకి కూడా అవే ఇండికేటర్లు కావాలి. రిమోట్ నొక్కితే "కుయ్ కుయ్" అంటూ నాలుగు లైట్లూ వెలగాలి కదా, లేకపోతే ముచ్చటేముంది! అందుకని బిగించేవాడు ఎడమ వైరుని ఒకచోట, కుడి వైరుని ఒకచోట గీకి, డబ్బా వైర్లు మెలిపెట్టి, నల్లటేపు చుడతాడు. తాళం దగ్గర ఇగ్నిషన్ వైరు కూడా కోసి మధ్యలో దూరతాడు. ఆ రెండు వైపులూ కలిసిపోకుండా డబ్బా లోపల డయోడ్లనే చిన్న కాపలా ముక్కలుంటాయి. చవకరకం డబ్బాలో ఆ కాపలావాడు చచ్చాడనుకోండి, ఎడమకి వేస్తే కుడీ వెలుగుతుంది.

మా ఇంట్లో జరిగింది అదే. మా ఆయన ముచ్చటపడి బిగించుకొచ్చిన మూడో నెలలో, గట్టు వైపు ఎడమకి తిరగబోతుంటే నాలుగూ కొట్టుకుంటున్నాయి. వెనక వ్యానువాడు ఏమనుకోవాలి? మేం ఆగుతున్నామనుకుని ఎడమవైపు నించే దూరబోయాడు. బ్రేకు చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మెకానిక్కుని అడిగితే "ఉప్పుగాలమ్మా" అన్నాడు. ఉప్పుగాలి మాకు కొత్తా? సముద్రం పక్కనే పుట్టాం. టేపు కింద రాగి పచ్చగా చిలుము పట్టిందని వాడే చూపించాడు. ఉప్పుగాలి ఉన్న ఊళ్ళో నల్లటేపుతో సరిపెట్టమని ఎవరు చెప్పారు మరి?

ఇంకా ఉన్నాయి. ఆ డబ్బా రాత్రీ పగలూ కాస్త కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. నాలుగు రోజులు ఊరెళ్ళి వస్తే నీరసం బ్యాటరీ ఉన్నవాళ్ళ బండి సెల్ఫ్ తీసుకోదు. బండి నడుస్తుండగానే ఇంజను ఆపేసే ఏర్పాటు కూడా కొన్నిట్లో ఉంటుంది. దొంగ కోసం పెట్టింది, పొరపాటున నట్టనడి రోడ్డు మీద పనిచేస్తే? కంపెనీ వైరింగు కోస్తే ఆ భాగానికి వారంటీ ఇవ్వమని షోరూములో నిక్కచ్చిగా చెప్పేస్తారు కూడా.

పోనీ ఇంత చేసి దొంగని పట్టిస్తుందా? కాకి వాలినా అరుస్తుంది. ఉరిమినా అరుస్తుంది. పిల్లి సీటు మీద పడుకున్నా అరుస్తుంది. నాన్నా పులి కథ మనం పిల్లలకి చెప్పేదే. నాలుగో రోజు నించి వీధిలో ఒక్కరూ తలుపు తీయరు. నిద్రలో దుప్పటి ముసుగేసుకుని తిట్టుకుంటారు, అంతే.

దొంగల భయం లేదని నేను అనడం లేదు. చెరువు దగ్గర రాత్రి కాపలాకి వెళ్ళేవాళ్ళకి బండి పోతే బతుకుతెరువే పోయినట్టు. అందుకు హ్యాండిల్ లాకు వెయ్యండి, చక్రానికి మంచి గొలుసు వెయ్యండి, వెలుతురున్న చోట పెట్టండి, తాళంచెవి బండికే వదిలి "రెండు నిమిషాలే" అనకండి. సైరన్ కావాల్సిందే అంటారా, మీ బండికి సరిపడే కప్లర్‌తో వచ్చేది, వైరు కొయ్యక్కర్లేనిది, విడిగా ఫ్యూజు ఉన్నది తీసుకోండి. నా గొడవల్లా ఒకటే. ముందు బల్బు, తరవాత సైరన్. బండిని కాపాడేది కొనే ముందు బండిమీదవాళ్ళని కాపాడేది బాగుచేయించాలి.

ఇది నా చాదస్తం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 102వది ఇండికేటర్ల గురించే. 123వది అచ్చంగా వెనక కూర్చునేవాళ్ళ కోసం. పట్టుకోడానికి పిడి, కాలికి ఫుట్‌రెస్టు, చీర చక్రంలో పడకుండా గార్డు ఉండాలంటుంది. చీరగార్డు అందంగా లేదని పీకించేసే కుర్రాళ్ళు ఉన్నారు మా వైపు. వాళ్ళ అమ్మ ఏ బండి ఎక్కుతుందో మరి! 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వం లెక్క. అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా రెండు చక్రాల మీదవాళ్ళే. అందరూ ఇండికేటర్ లేకే పోయారని నేను అనను. కానీ రోడ్డు మీద అందరికన్నా పలచటి ప్రాణం మనదే, మనం ఎటు తిరుగుతున్నామో ఎదుటివాడికి చెప్పకుండా తిరగడం తెలివైన పని కాదు.

దసరాకి బండికి పసుపు కుంకుమ పెడతాం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. బంతిపూల దండ ఇండికేటర్ మీదుగానే వేస్తాం! ఈసారి దండ వేసేముందు ఒక పని చెయ్యండమ్మా. తాళం తిప్పి స్విచ్చి ఎడమకి జరపండి. ముందూ వెనకా రెండూ వెలుగుతున్నాయా? గడియారం చూసి పావు నిమిషం లెక్కపెట్టండి. పదిహేను నించి ముప్ఫై మధ్య వస్తే సరే. కుడికీ అంతే. ఎడమకి వేస్తే కుడి వెలిగినా, హారన్ కొడితే లైటు డీలా పడినా మెకానిక్కు దగ్గరికి పంపండి. అతుకులు కప్లర్‌తోనో, టంకం వేసి పైన తొడుగు వేసో చెయ్యమనండి, నల్లటేపు వద్దనండి. తిరిగాక స్విచ్చి ఆపడం గుర్తుచెయ్యడం కూడా మనవంతే, ఎందుకంటే చాలా బండ్లలో అది దానంతటది ఆగదు. ఆగని ఇండికేటర్ అబద్ధం చెప్పే నోరుతో సమానం.

ఇంటి ఖర్చులో ఉప్పు, పప్పు, పాల లెక్క మనదైనప్పుడు, మన పిల్లలు ఎక్కే బండి బల్బు లెక్క కూడా మనదే. ఇకనించి ఎవరైనా "చెయ్యి చూపించవే" అంటే, "బల్బు వేయించాకే ఎక్కుతాను" అనండి. పెళ్ళికి ఆలస్యమైనా ఫరవాలేదు. భోజనాల వేళకి ఎలాగూ వెళ్ళిపోతాం.