ప్రింట్‌లైన్ దగ్గరే ఆగిపోతున్న జావా చదువు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా జావా కోర్సుల బోర్డులే. పంజాగుట్ట దాకా ఉన్న హాస్టళ్లలో తలదాచుకుని, ఇక్కడ నేర్చుకుని కొలువు కొట్టినవాళ్లు ఎందరో. వాళ్ల తొలి పాఠాల్లోనే వచ్చేది సిస్టమ్.ఔట్.ప్రింట్‌లైన్. చిక్కల్లా ఆ అలవాటు ఆఫీసు దాకా వెంట రావడమే.

లైనక్స్‌లో జావా అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌ను దాని స్క్రిప్టుతో మామూలుగా నడిపితే ఆ ప్రింట్లన్నీ కాటలీనా.ఔట్ అనే ఒకే ఫైల్లో పడతాయి. దాన్ని టామ్‌క్యాట్ తనంతట తాను తేదీలవారీగా విడగొట్టదు. ఫైల్ పెరిగి పెరిగి డిస్కు నిండిందా, అప్లికేషన్ చతికిలబడుతుంది. కంగారులో దాన్ని డిలీట్ చేసినా జాగా తిరిగి రాదు. నడుస్తున్న ప్రాసెస్ ఆ ఫైల్‌ను ఇంకా పట్టుకునే ఉంటుంది మరి! కాంటెక్స్ట్ సెట్టింగుల్లో స్వాలోఔట్‌పుట్‌ను ట్రూ చేస్తే ప్రింట్లు లాగర్‌కు, అంటే సందేశాలను నమోదు చేసే సాధనానికి, మళ్లుతాయి. లైనక్స్ టూల్ లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ పెడితే సర్వర్ ఆపకుండానే ఫైల్ అదుపులో ఉంటుంది.

లాగర్ వాడితే చాలదు, దాన్ని అప్‌డేట్ చేస్తూనే ఉండాలి. ఒక జావా లాగర్‌లో 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4షెల్ లోపంతో, లాగ్‌లో రాసే ఒక్క వాక్యమే దాడికి దారి ఇచ్చింది.

పైగా కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. డిస్కు నిండిందని వాటిని చెరిపేయడానికి వీల్లేదు.

అందుకే కోచింగ్ సెంటర్లు ఫైనల్ ప్రాజెక్టులో ఒక పరీక్ష చేర్చాలి: కావాలనే డిస్కు నింపి, సర్వర్‌ను మళ్లీ నిలబెట్టమని విద్యార్థికి అప్పగించాలి.