పాలిచ్చే తల్లి కడుపునొప్పి

నెల తప్పడమే గర్భానికి తొలి గుర్తని మన ఇళ్లలో అందరి నమ్మకం. ఆసుపత్రిలోనూ మొదట అడిగేది అదే. బాలింత దగ్గర ఆ ప్రశ్న పనిచేయదు. పాలిస్తున్నన్నాళ్లూ నెలసరి రాకపోవచ్చు. వచ్చే ముందే అండం విడుదలై, ఒక్కసారి కూడా బయట చేరకుండానే మళ్లీ కడుపు నిలవచ్చు. ఆ పిండం గర్భసంచికి చేరక ట్యూబులోనే నాటుకుంటే, కొన్ని వారాల్లోనే ట్యూబు పగిలి, నెత్తురు లోపలే కారిపోవచ్చు. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కాస్త ఎర్రబట్ట, భుజం కొనలో పోటు, కళ్లు తిరగడం దాని గుర్తులు. పచ్చి బాలింతలో ఇవన్నీ నీరసం ఖాతాలోకో, గ్యాస్ ఖాతాలోకో, 'నెలసరి మొదలైందిలే' అన్న మాటలోకో పోతాయి.

బందరు (మచిలీపట్నం) దగ్గరి గిలకలదిండి హార్బర్ నుంచి ఊళ్లోని పెద్దాసుపత్రి ఎంతో దూరం లేదు. 2023 నుంచి బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. ఏరు దాటి రావాల్సిన ఎదురుమొండి దీవి వారి కష్టం వేరు గానీ, గిలకలదిండిలో చికిత్స ఆలస్యానికి కారణం దారి కాదు, అనుమానం రాకపోవడం. ఆ అనుమానం రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా చేసే) ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆపరేషన్ అయిన మనిషికి కడుపేమిటని ఇంట్లోవాళ్లూ అంటారు, ఆమే అనుకుంటుంది. అమెరికాలో 1997లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఆపరేషన్ తర్వాత పదేళ్లలో వెయ్యికి ఏడుగురికి ట్యూబు గర్భం వచ్చింది. ఆపరేషన్ విఫలమై వచ్చిన గర్భాల్లో సుమారు మూడో వంతు అవే.

పాలిస్తే గర్భం రాదని తెలిసిన తల్లులను ఇలా భయపెట్టడమెందుకని కొందరంటారు. ఆ రక్షణ నిజమే, 98 శాతం దాకా ఉంటుంది. అయితే బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా, నెలసరి రాకుండా ఉన్నంతవరకే ఆ లెక్క. కాన్పు వెంటనే చేసే ఆపరేషన్‌లో ముప్పు మరీ తక్కువన్నదీ ఒప్పుకోవాల్సిందే. అరుదైనదానికి ఇంత హడావుడి అక్కర్లేదన్న వాదన మాత్రం నిలవదు: మనం అడుగుతున్నది కొద్ది రూపాయల మూత్ర పరీక్ష. గర్భం ఎక్కడుందో ఆ పరీక్ష స్ట్రిప్ చెప్పదు నిజమే, ఉందని తేలితే ఆ రోజే స్కానింగ్‌కు పంపిస్తుంది. పగలకముందే దొరికితే చాలాసార్లు మెథోట్రెక్సేట్ మందుతోనే సరిపోతుంది (పాలివ్వడం కొన్నాళ్లు ఆపాలి, డాక్టరు చెబుతారు). భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన పరిశోధనల నుంచి వచ్చిన మందే అది.

ఊరికి దూరంగా ఉన్న మన సంఘాలకు సొంతూరికి యంత్రాలు పంపడమంటే ఉత్సాహం ఎక్కువ. స్కానింగ్ యంత్రాన్ని లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద నమోదు కాని చోటికి ఇవ్వనే కూడదు. ఆ డబ్బుతో ఆశా కార్యకర్తల సంచుల్లో స్ట్రిప్‌లు నిండుకోకుండా చూద్దాం. బిడ్డ టీకాకు వచ్చిన ప్రతి తల్లినీ నొప్పి ఉందా, ఎర్రబట్ట కనబడిందా అని అడిగించాలని జిల్లా వైద్యాధికారులను కోరుదాం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ చెప్పండి: నెలసరి రాకపోయినా, ఆపరేషన్ అయినా, నొప్పి ఉంటే పరీక్ష చేయించాలి, కళ్లు తిరుగుతుంటే స్ట్రిప్ కోసం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.