అద్దకం చూపిస్తే కూలీ ఎవరికి?

కృష్ణా జిల్లాలో పర్యాటకం అనగానే మాట మంగినపూడి బీచ్ మీదికో, కొత్త రిసార్టు మీదికో పోతుంది. వచ్చినవాళ్లు సముద్రంలో ఓ మునక వేసి, బందరులో లడ్డూ పొట్లం కట్టించుకుని సాయంత్రానికి బస్సెక్కేస్తారు. ఆ లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పుకుంటాం. శనగపిండి పూసను నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచితే గానీ అది తొక్కుడు లడ్డూ కాదు. ఆ దంపుడు మాత్రం ఎవరికీ చూపించం. మన దగ్గర అమ్మకానికి పెట్టాల్సింది ఆ పని, అది జరిగే పూట. అందుకు కోట్లు పోసి కట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు.

పెడన కలంకారీ అద్దకమే చూడండి. నూలు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నానితే వచ్చే కసిమిని టేకు అచ్చుతో అద్దితే, కరక్కాయ పట్టిన చోట నలుపు తేలుతుంది. ఎరుపు రావాలంటే పటిక అద్ది, పారే నీళ్లలో ఉతికి, రంగునిచ్చే వేళ్లతో ఉడకబెట్టాలి. ఈ వరస ఒక్కసారి కళ్లారా చూసినవాడు స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ అంటే నమ్మడు, అసలుదాని ధర దగ్గర బేరమూ ఆడడు. నకిలీల మీద ఏళ్లుగా మొత్తుకుంటున్నాం కదా, కొనేవాడి కన్ను తెరిపించడానికి ఇంతకంటే చవకైన దారి నాకు కనపడదు. గుడ్డ ఉతికే కాలవ నీరు బాగుంటేనే రంగు నిలుస్తుందన్న సంగతీ అక్కడే తెలుస్తుంది.

పనివాళ్లను బొమ్మల కొలువు చేస్తారా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే, కానీ అసలు చిక్కు వేరు. అద్దకం బల్ల దగ్గర నిలబడేవాళ్లలో చాలామంది కూలీకి చేసేవాళ్లు. టిక్కెట్టు డబ్బు యజమాని గల్లాలో పడితే, వచ్చిపోయేవాళ్ల మూలంగా పని ఆగి ఆ కూలీలకు నష్టమే మిగులుతుంది. చూపించిన గంటకు కూలీ ఇంత అని ముందే రాసి గోడకు అంటించాలి. ఇక ప్రభుత్వం చేయాల్సిన పని సంగతికొస్తే, జపాన్‌లో ఓయిత ప్రాంతపు అజిము రైతులు 1996లో అతిథులను తమ ఇళ్లలోనే ఉంచుకుని, పొలం పనీ ఇంటి భోజనమూ పంచడం మొదలుపెట్టారు. అక్కడి ప్రభుత్వం 2002లో వాళ్ల కోసం లాడ్జీల నిబంధనలు సడలించింది. భవనాలు కట్టడం కంటే అడ్డు తొలగించడమే అక్కడ పనిచేసింది.

ఎండకు, ఉక్కకు ఎవరొస్తారంటారా? ఏడాది పొడుగునా రానక్కర్లేదు. అద్దకానికి ఎండ కావాలి, వానల్లో ఎలాగూ సాగదు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా చాలు. దివిసీమ మడ అడవుల సంగతి మాత్రం వేరు. నాగాయలంక వైపు పడవలు పెంచుకుంటూ పోతే బావురుపిల్లికి చోటుండదు. 1977 ఉప్పెన చవిచూసిన సీమకు ఆ మడచెట్ల విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ పడవల లెక్క అటవీశాఖ కట్టాలి, తెడ్డు స్థానిక జాలరి చేతిలో ఉండాలి. పర్యాటక శాఖ ఇంకో రిసార్టుకు శంకుస్థాపన చేసే ముందు పెడనలో అద్దకం చూపించే గంటకు కూలీ రేటు తేల్చాలి.